జరీకి పెట్టిన సెట్టింగు

ఫోటో అందగానే అబూబకర్ సంబరంగా ఫోన్ చేస్తాడని నౌషీన్ ఎదురుచూస్తూ ఉంది. ఫోన్ వెంటనే వచ్చింది. గొంతులో మాత్రం సంబరం లేదు.

"పాప ఏంది, అంత పసుప్పచ్చగా ఉండాది?" అన్నాడు.

నౌషీన్ పక్కలో నిద్రపోతున్న బిడ్డవైపు చూసింది. పుట్టి ఇంకా వారం కాలేదు. తలకు గుడ్డ చుట్టి, బుగ్గ మీద కాటుక చుక్క పెట్టి ఉంది. గదిలో వెలిగేది ఒక్కటే గుండు బల్బు. బాలింతకూ బిడ్డకూ గాలి తగలకూడదని నౌషీన్ తల్లి హుస్సేనమ్మ కిటికీకి పాత దుప్పటి కట్టేసింది. ఆ బల్బు వెలుతురులో గోడలూ పచ్చగానే ఉన్నాయి, పక్కగుడ్డలూ పచ్చగానే ఉన్నాయి, నౌషీన్ చేతులూ పచ్చగానే ఉన్నాయి.

"బల్బు వెలుతురు బావా. అందుకే అట్లుండాది," అంది.

"బల్బుకు ఇంతగా రాదు మే. ఇంగోసారి సరిగ్గా చూడు."

చూసింది. ఎంత చూసినా ఏమీ తేలలేదు. పుట్టినప్పటి నుంచీ రేయింబవళ్లు ఆ మొహాన్నే చూస్తూ ఉంది. మొదటిరోజు ఎలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో పోల్చి చెప్పమంటే ఆమెవల్ల కాదు.

అబూబకర్ నౌషీన్‌కు మొగుడే కాదు, మేనత్త కొడుకు కూడా. వాళ్లది ధర్మవరం. పట్టుచీరల మగ్గాలకు జరీ తెప్పించి అమ్మే ఒక షావుకారు దగ్గర చేరి, ఆయన పనిమీదే సూరత్‌లో ఉంటున్నాడు. రెండు వేల ఎనిమిదో సంవత్సరం అది, ఆషాఢం నడుస్తోంది. శ్రావణం పెళ్లిళ్లకు చీరలు మగ్గం దిగాలంటే జరీ ఇప్పుడే రావాలి. అందుకని బిడ్డ పుట్టిందన్నా షావుకారు సెలవు ఇవ్వలేదు. కాన్పుకు ముందు వచ్చి పోయినప్పుడు అబూబకర్ తన కెమెరా ఫోన్ నౌషీన్ చేతిలో పెట్టి, తనకు అక్కడ ఇంకోటి కొనుక్కున్నాడు. "బిడ్డ పుడుతూనే ఫోటో పంపల్ల. నేను వచ్చేదాకా నాకు అదే బిడ్డ," అని చెప్పి రైలెక్కాడు.

అది చెప్పినంత సులభం కాలేదు. పెనుకొండలో పుట్టింటి గదిలో పడుకుని, ఫోటోలు పంపే సౌకర్యం ఫోన్లోకి తెప్పించుకునేసరికే తల ప్రాణం తోకకొచ్చింది. తీసిన ఫోటోలు చూస్తే అన్నీ మసక. ఒకదాంట్లో బిడ్డ మొహం చీకటి ముద్ద. ఇంకోదాంట్లో చెయ్యి కదిలి బిడ్డకు రెండు ముక్కులు. నౌషీన్ ఇంటర్ దాకా చదువుకుంది. ఇంగ్లీషు అక్షరాలకు జంకకుండా ఫోన్ లోపల ఒక్కొక్క గది తెరిచి చూసుకుంది. నాణ్యత దగ్గర 'బేసిక్' అని ఉన్నదాన్ని 'హై' చేసింది. 'నైట్ మోడ్' పెడితే వెలుతురు పెరిగింది గానీ, చెయ్యి కొంచెం కదిలినా బొమ్మ అలికినట్టు అవుతోందని తీసేసింది. కెమెరా అద్దం మీద తన నూనె వేళ్ల మరకే ఉందని తెలిసి, కొంగుతో తుడిచింది. మోచేతులు రెండూ దిండుకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీసింది. చివరికి ఒకటి కుదిరింది. కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనబడ్డాయి. దాన్ని పంపి, ఆయన ఏమంటాడో అని ఆశగా కూర్చుంటే ఈ మాట వచ్చింది.

హుస్సేనమ్మ శొంఠి ముద్ద పట్టుకుని గదిలోకి వచ్చింది. కూతురి మొహం చూసి సంగతి అడిగి, తేలిగ్గా తీసిపారేసింది.

"పసుపూ శనగపిండీ పెట్టి నీళ్లు పోస్తాండాం. పచ్చగుండక ఎట్లుంటాది? ఆడెక్కడో కూర్చోని వాడికేం తెలుస్తాది."

ఆ మాట ఫోన్లో అబూబకర్‌కూ వినబడింది. అతను ఏదో తట్టినట్టు పక్కున నవ్వాడు.

"మే నౌషీన్, ఇప్పుడు గ్యాపకం వచ్చింది. ఆ ఫోన్లో రంగులు సరిచేసేదానికి వైట్ బ్యాలెన్స్ అని ఒకటుంటాది చూడు. దాన్ని నేను 'క్లౌడీ' మీద పెట్టి అట్లే వదిలేసినా. బల్బు కింద అట్ల పెట్టి తీస్తే జరీ బంగారు మాదిరి కొడతాది. కొనేటోళ్లకు ఫోటోలు చూపించేదానికి పెట్టుకున్న సెట్టింగు అది. దాంట్లో ఎవురిని తీసినా పచ్చగానే వస్తారు."

ఫోన్ పెట్టేసి నౌషీన్ దాంట్లోని పాత ఫోటోలు వెతికింది. జరీ కండెలు, వాటిని పట్టుకున్న ఎవరిదో చెయ్యి, అంగడి గోడ, గోడకు తగిలించిన క్యాలెండరు. అన్నీ పసుపునీళ్లలో ముంచి తీసినట్టే ఉన్నాయి. గుండెల మీద పెట్టిన రాయి ఎవరో తీసేసినట్టయింది ఆమెకు. తండ్రి మొహిద్దీన్ సాబ్ పరుపులు, దిండ్లు కుట్టి అమ్ముతాడు. ఇంటి వెనక పంచలోనే ఆయన పని. సాయంత్రం ఆయన లోపలికి వచ్చాక ఆ ఫోటోలు చూపించి సంగతి చెప్పింది.

"ఓహో, జరీ తీసే కెమెరాతో నా మనవరాల్ని తీసినావా," అని ఆయన నవ్వాడు. "అల్లుడు చూసి దడుచుకోక ఏం చేస్తాడు పాపం."

ఆ రోజు ముగ్గురూ ఆ మాటే చెప్పుకుని నవ్వుకుంటూ అన్నం తిన్నారు.

అబూబకర్ మళ్లీ ఫోన్ చేసి ఎలా మార్చాలో చెప్పాడు. 'ఆటో' పెట్టమన్నాడు. ఫ్లాష్ వద్దన్నాడు. "పగటి వెలుతురులో తియ్యి. పక్కన తెల్లటిదేదన్నా పెట్టు. అది తెల్లగా వచ్చిందంటే తక్కిన రంగులు గూడా సరిగ్గా వచ్చినట్టే. కొందురు జరీ అసలు రంగు ఎట్లుంటాదో చూపించమంటారు. వాళ్లకు మేము అట్లే తీసి పంపుతాం," అన్నాడు.

హుస్సేనమ్మను అడిగితే ఒప్పుకోదు. పురుడు తీరేదాకా బిడ్డ గడప దాటకూడదని ఆమె పట్టు. మరుసటి రోజు పొద్దున ఆమె కూరగాయలకని బజారుకు పోవడం చూసి, నౌషీన్ బిడ్డను ఎత్తుకుని గోడ పట్టుకుంటూ మెల్లగా వెనక పంచలోకి వచ్చింది. మొహిద్దీన్ సాబ్ ఏకిన దూదిని దిండు గలీబుల్లోకి కూరుతున్నాడు.

"ఏమ్మా, లేసి వచ్చినావు?" అన్నాడు గానీ, లోపలికి పొమ్మనలేదు. మంచి ఫోటో చూడాలని ఆయనకూ ఉంది. బిడ్డకు దుమ్ము సోకుతుందని పని ఆపి, పంచ కొసన తెల్లటి గుడ్డ ఒకటి మడతపెట్టి పరిచాడు. తెల్లటిది ఇంకా ఏదైనా కావాలంటే, పిడికెడు దూది తెచ్చి గుడ్డ మీద పెట్టాడు.

మబ్బు పట్టి ఉంది. ఎండ లేదు గానీ పంచ నిండా మెత్తటి వెలుతురు. నౌషీన్ బిడ్డను గుడ్డ మీద పడుకోబెట్టి, ఫోన్ నిలకడగా పట్టుకుని ఒక ఫోటో తీసింది.

దూది తెల్లగా వచ్చింది. గుడ్డ తెల్లగా వచ్చింది. బిడ్డ మాత్రం పచ్చగానే ఉంది.

సెట్టింగు సరిగ్గా పడలేదనుకుంది. మళ్లీ లోపలికి పోయి చూస్తే 'ఆటో' అనే ఉంది. 'సన్నీ' పెట్టి తీసింది. దూదికి కొంచెం నీలిచాయ వచ్చింది, బిడ్డ మొహంలో పచ్చదనం పోలేదు. అద్దం తుడిచింది. తిరిగి 'ఆటో' చేసి, ఈసారి తన చేతిని బిడ్డ చెంప పక్కన పెట్టి తీసింది. దూది దూదిలాగే ఉంది. తన చెయ్యి ఎప్పటి చామనఛాయలోనే ఉంది. ఆ చేతి పక్కన బిడ్డ చెంప మాగిన నిమ్మపండులా ఉంది.

అప్పుడు ఫోన్ కింద పెట్టి బిడ్డనే చూసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక కన్నబిడ్డను పగటి వెలుతురులో చూడడం అదే మొదలు. ఒంటిమీది గుడ్డ విప్పింది. పొట్ట పచ్చగా ఉంది, తొడలు పచ్చగా ఉన్నాయి. గాలి తగిలినా బిడ్డ కదల్లేదు. అరికాలు గీరితే కళ్లు సగం తెరిచి మళ్లీ మూసుకుంది. ఆ కాస్తలోనే కంటి తెల్లగుడ్డు కనబడింది. అదీ పచ్చగానే ఉంది.

నిన్నటి నుంచి బిడ్డ ఏడవడమే లేదు. పాలకు లేపితే రెండు గుక్కలు తాగి నిద్రలోకి జారుకుంటోంది. ఇంత నెమ్మదైన బిడ్డ ఎవరికి పుడుతుందని అమ్మా తానూ మురిసిపోయారు. ఆ మాట తలుచుకుని నౌషీన్ తండ్రిని కేకేసింది.

"నాయనా, ఈడికి రా. నువ్వొకసారి చూడు. ఫోన్లో వద్దు, బిడ్డను చూడు."

మొహిద్దీన్ సాబ్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన మొహంలోని నవ్వు మెల్లగా చెరిగిపోయింది.

"కామెర్ల మాదిరి ఉండాది కదమ్మా," అన్నాడు.

అంతలో హుస్సేనమ్మ బజారు నుంచి వచ్చింది. బిడ్డను బయటికి తెచ్చినందుకు ముందు కూతుర్ని కోప్పడింది, తర్వాత మొగుణ్ణి కోప్పడింది. బిడ్డను దగ్గరగా చూశాక కోప్పడడం ఆపేసింది. కూరగాయల సంచి కింద పెట్టి, తానూ కింద కూర్చుంది.

"చెన్నేకొత్తపల్లిలో పసరు పోసే ఆయన ఉండాడు," అంది చివరికి. "మా చిన్నాయన కొడుక్కు ఆయనే బాగుచేసినాడు. ఆడికి పోదాం."

"మీ చిన్నాయన కొడుకు పెద్దోడు కదమ్మా. దీనికి పాలే దిగల్యా, పసరు ఎట్ల దిగుతాది?" అంది నౌషీన్. తల్లికి ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు. అయినా మాట ఆపలేదు. "కాన్పు చేసిన డాక్టరమ్మ ఏం చెప్పింది? బిడ్డకేమన్నా అయితే హిందూపురం తీసకపోండి, ఆడ పిల్లల డాక్టర్లు ఉంటారు అనింది. హిందూపురమే పోదాం. ఇప్పుడే పోదాం."

హుస్సేనమ్మ మొగుడివైపు చూసింది. ఆయన అప్పటికే చొక్కా తొడుక్కుంటున్నాడు.

పరుపులు చేరవేసే ఆటో ఆంజనప్పది. వీధి కొసలోనే ఇల్లు. మొహిద్దీన్ సాబ్ పిలవగానే, ఎన్ని పరుపులు ఎక్కించాలో అడుగుతూ వచ్చాడు. సంగతి విని ఇంకేమీ అడగలేదు. వెనకాల కొత్త పరుపు ఒకటి వేసి తల్లీబిడ్డలను కూర్చోబెట్టి, గుంతలన్నీ తప్పించుకుంటూ నడిపాడు. దారి పొడుగునా నౌషీన్ బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసుకుంటూనే ఉంది. కొంగుతో కప్పుతుంది, మళ్లీ తీసి చూస్తుంది. హిందూపురం ఇంత దూరమని ఆమెకు ఎప్పుడూ అనిపించలేదు.

పిల్లల డాక్టరు చంద్రశేఖర్ నడివయసు మనిషి, నిదానస్తుడు. బిడ్డను కిటికీ దగ్గరికి తీసుకుపోయి, నుదుటి మీద, రొమ్ము మీద, మోకాలి కింద, అరికాలి మీద వేలితో ఒత్తి చూశాడు.

"ఎప్పటి నుంచి ఇట్లుంది?" అని అడిగాడు.

నౌషీన్‌కు జవాబు తెలియదు. ఫోన్ తీసి ఇచ్చింది. ఇవి సెట్టింగు మార్చకముందు తీసినవి, వీటిని నమ్మేదానికి లేదు, ఇది పొద్దున తీసింది అని ఒక్కొక్కటీ చూపించింది. దూది పక్కన తీసిన ఫోటోను ఆయన కొంచెంసేపు చూశాడు.

"ఇది చూసుకునే వచ్చినారా?"

"ఔ సార్."

"మంచి పని చేసినావమ్మా," అని ఫోన్ తిరిగి ఇచ్చాడు.

మడమలో సూది గుచ్చి రక్తం తీశారు. అప్పుడు ఏడ్చింది బిడ్డ. ఆ ఏడుపు విని నౌషీన్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి, మనసుకు కొంచెం ధైర్యమూ వచ్చింది. రిపోర్టు వచ్చేదాకా ముగ్గురూ బెంచీ మీద ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. హుస్సేనమ్మ పెదవులు ఆగకుండా దువా చదువుతూనే ఉన్నాయి.

డాక్టరు వాళ్లను లోపలికి పిలిచి కూర్చోమన్నాడు.

"పుట్టిన పిల్లలకు కామెర్లు రావడం మామూలేనమ్మా. చానామందికి వాటంతటవే పోతాయి. మీ బిడ్డకు మాత్రం ఎక్కువగా పెరిగినాయి. నీ రక్తం గ్రూపు వేరే, బిడ్డది వేరే. దానికితోడు పాలు చాలినంత తాగలేదు. లైటు కింద పెట్టాల. ఇంకా ఆలస్యమయింటే కష్టమయ్యేది. ఇప్పుడు భయం లేదు, టయానికే వచ్చినారు."

"లైటుకు తగ్గకపోతే సార్?" అన్నాడు మొహిద్దీన్ సాబ్.

"అప్పుడు వేరే దావ చూద్దాం. తగ్గుతాదనే నాకు నమ్మకం."

బిడ్డ కళ్లకు గంతలు కట్టి, గాజుపెట్టెలో నీలి లైటు కింద పడుకోబెట్టారు. పాలివ్వడానికి మాత్రం తీసి చేతికిస్తారు. లేవకపోతే అరికాలు గీరైనా లేపి తాగించమని నర్సు చెప్పింది. నౌషీన్ ఆ పెట్టె పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. పడుకోమని తల్లి ఎన్నిసార్లు చెప్పినా లేవలేదు.

అబూబకర్ ఫోన్ చేశాడు. విషయమంతా చెప్పింది.

"ఒక ఫోటో పంపు మే," అన్నాడు అంతా విని.

"ఇప్పుడు పంపను బావా. ఈ లైటు కింద ఏ సెట్టింగు పెట్టినా నీలంగానే వస్తాది. అది చూసి నీకు ఇంగో భయం పట్టుకుంటాది."

"నేను సెట్టింగు అని నవ్వినా కదా."

"మేమూ నవ్వినాం. నువ్వు పచ్చగుండాదని అడగకుంటే నేను బిడ్డను వెలుతురులోకి తెచ్చేదాన్నే కాదు. ఇంగ దాని గురించి అనుకోవద్దు. అన్నం తిన్యావా?"

అతను తిన్నాడో లేదో చెప్పలేదు. వస్తానని కూడా చెప్పలేదు. ఫోన్ పెట్టేశాడు.

మరుసటి రోజు సాయంత్రం మళ్లీ రక్తం తీసి పరీక్షకు పంపారు. ఈసారి డాక్టరు లోపలికి పిలవలేదు, తానే బెంచీ దగ్గరికి నడిచి వచ్చాడు.

"దిగింది," అన్నాడు. "బాగా దిగింది. రేపు ఇంకోసారి చూసి పంపించేస్తాం."

హుస్సేనమ్మ గోడకు చేరగిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మొహిద్దీన్ సాబ్ డాక్టరుకు దండం పెట్టి, ఇంకేం చేయాలో తోచక గబగబా బయటికి పోయి ఇడ్లీలు కట్టించుకొచ్చాడు. పెనుకొండలో బయలుదేరినప్పటి నుంచి ఎవరూ సరిగ్గా తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. నౌషీన్ తన పొట్లం ఖాళీ చేసి, తల్లి పొట్లంలోంచి కూడా తీసుకుని తింది. ఇడ్లీ ఇంత రుచిగా ఉంటుందా అనుకుంది. తిని చెయ్యి కడుక్కుంటుండగా లోపలి నుంచి ఏడుపు వినబడింది. ఎవరూ లేపకుండా, బిడ్డ తానే పాలకు లేచి ఏడుస్తోంది.

"ఏమమ్మా, నీ కూతురికి గొంతు బానే ఉండాదే," అంటూ నర్సు బిడ్డను తెచ్చి ఒళ్లో పెట్టింది. బిడ్డ పాలు పట్టుకుని గట్టిగా లాగింది. ఆ నొప్పికి నౌషీన్ కళ్లు మూసుకుని నవ్వింది.

ఇంటికి పంపే రోజు పొద్దున ఆసుపత్రి మెట్లెక్కి అబూబకర్ వచ్చాడు. షావుకారును సెలవు అడగలేదట, పోతున్నానని చెప్పి వచ్చేశాడట. దారిలో రైలు మారి, ధర్మవరంలో కూడా దిగకుండా, నేరుగా హిందూపురం వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, బిడ్డను తీసుకోవడానికి భయపడుతూ నిలబడ్డాడు.

"ఎత్తుకునేది రాదు మే నాకు."

"తల కింద చెయ్యి పెట్టు. అంతే," అని నౌషీన్ బిడ్డను అతని చేతుల్లో పెట్టింది.

అతను బిడ్డను చూస్తూ నిలబడిపోయాడు. బిడ్డ మొహం ఎర్రగా ఉంది. ఆవలించింది, మూతి ముడుచుకుంది, మళ్లీ నిద్రపోయింది. జేబులో ఫోన్ ఉన్న సంగతే అతనికి గుర్తు రాలేదు.

"ఫిర్దోస్ అని పెడదామా?" అన్నాడు కొంచెంసేపటికి. పేరు బాగుందని హుస్సేనమ్మే అందరికంటే ముందు అంది.

మొహిద్దీన్ సాబ్ ఇల్లు శుభ్రం చేయించాలని, పొద్దున మళ్లీ ఆటో తెచ్చిన ఆంజనప్పతో ముందుగా వెళ్లిపోయాడు. కుదుపులు లేకుండా ఉంటుందని తక్కిన వాళ్లు మధ్యాహ్నం ప్యాసింజరు రైలెక్కారు. పెట్టెలో జనం లేరు. కిటికీలోంచి చల్లటి గాలి వస్తోంది. హుస్సేనమ్మ బిడ్డకు గుడ్డ కప్పుతూ కప్పుతూనే కునుకు తీసింది. నౌషీన్ తల అబూబకర్ భుజం మీద వాలిపోయింది. రైల్లోనే దాదాపు రెండు రోజులు గడిపిన అబూబకర్, పెనుకొండలో లేపుతాను పడుకో అని ఆమెకు చెప్పి, చెప్పిన కాసేపటికే తానూ నిద్రపోయాడు.

నౌషీన్‌కు మెలకువ వచ్చేసరికి రైలు ఆగి ఉంది. ఇంత పెద్ద ప్లాట్‌ఫారం పెనుకొండలో లేదే అనుకుంటూ బయటికి చూస్తే, ధర్మవరం అని బోర్డు కనబడింది.

"బావా, లెయ్యి. పెనుకొండ పోయింది."

హుస్సేనమ్మ ఉలిక్కిపడి లేచింది. "పురుడు తీరకుండా బిడ్డను ఊర్లూర్లు తిప్పుతాండారే," అని విసుక్కుంది గానీ, ఆ విసుగులో బలం లేదు. సామాన్లు పట్టుకుని దిగేసరికి ఆమెకే నవ్వు వచ్చింది.

ఇల్లు స్టేషన్‌కు దగ్గరే. అబూబకర్ తల్లి తలుపు తీసి, కొడుకును, కోడలిని, వదినను, వదిన చేతిలోని బిడ్డను వరసగా చూసి, కలా నిజమా అన్నట్టు నిలబడింది. మోకాళ్ల నొప్పులతో పెనుకొండకు రాలేక, మనవరాలిని ఎప్పుడు చూస్తానోనని అన్ని రోజులూ బాధపడుతూ ఉందామె.

"నిలబడే ఉండారేం, లోపలికి రాండి," అంది ఆఖరికి, రెండు చేతులూ చాచి. "బిడ్డను ఇట్ల తా వదినా."

బిడ్డ ఆమె చేతుల్లోకి పోగానే లేచి ఏడుపు మొదలుపెట్టింది. ఆ గోలలోనే నౌషీన్ తండ్రికి ఫోన్ కలిపింది.

"నాయనా, నువ్వు స్టేషన్ కాడ ఉండావా?"

"ఈడనే ఉండా, ఆంజనప్ప గూడా ఉండాడు. రైలు వచ్చి పోయింది. మీరు యాడ దిగినారు?"

"నిద్రపోయినాం నాయనా. ధర్మవరంలో ఉండాం, అత్తోళ్లింట్లో."

 అటువైపు మొహిద్దీన్ సాబ్ నవ్వడం, ఆంజనప్పకు సంగతి చెప్పడం, ఆంజనప్ప కూడా నవ్వడం వినబడ్డాయి.

"మంచిదే లేమ్మా. నిద్రపోండి బాగా," అన్నాడాయన. "మీ అత్తను అడిగినానని చెప్పు. రేపు నేనే ఆడికి వస్తా."